అరిజోనా ఎడారి బొమ్మలు వేసి అమ్ముతున్నా, రేటు దగ్గరే ఆగిపోతున్నా

ధర్మవరం_పిల్ల:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజుల్నుంచి చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదటిసారి, కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది ధర్మవరం. మా నాన్న మగ్గం నేసేవారు. అంచుకి ఏ రంగు, బాడీకి ఏ రంగు అని ఇంట్లో పొద్దున లేస్తే అదే మాట, రంగుల పిచ్చి నాకు అక్కడే పట్టింది. ఇప్పుడు అరిజోనాలో చాండ్లర్‌లో ఉంటున్నాం, ఏడేళ్లయింది. ఎండలు, బండరాళ్ల గుట్టలు, నాగజెముడు పొదలు మా వైపు వాళ్లకి కొత్తేం కాదు, అయినా సవారో కాక్టస్‌ని మొదటిసారి రోడ్డు పక్కన చూసినప్పుడు ఆయన్ని కారు ఆపమన్నా. దగ్గరికెళ్లి చూస్తే ఒళ్లంతా పైనుంచి కిందిదాకా నిలువు మడతలు, అచ్చం కుచ్చిళ్లు పోసినట్టు. వాన పడ్డాక మళ్లీ వెళ్తే ఆ కుచ్చిళ్లు విప్పుకుని చెట్టు లావెక్కి ఉంది! నీళ్లు తాగి లోపల దాచుకుంటుందంట. ఆ రోజు ఇంటికొచ్చి వేసిందే నా మొదటి బొమ్మ.

అప్పట్నుంచి వాటర్‌కలర్‌లో వేస్తున్నా. ఎక్కువ 5 బై 7, 9 బై 12 అంగుళాల సైజులు. సవారోలు, ఆకోటియో ఎర్ర పూలు, ఏప్రిల్‌లో పసుపు పచ్చగా విరగబూసే పాలో వెర్దే, జూలై మబ్బులు, ఇవే. ఈ మధ్య మెస్కీట్ అనే ఇక్కడి చెట్టు చెక్క ముక్కల మీద కూడా చిన్నవి వేస్తున్నా. మొన్న దీపావళికి మనవాళ్ల మేళాలో స్టాల్ పెట్టా. స్టాల్‌కి 75 డాలర్లు కట్టా. 11 బొమ్మలు పోయాయి, చేతికొచ్చింది 240. ఆరు గంటలు కూర్చుని వేసిన 9 బై 12 బొమ్మకి 60 చెప్తే ఒకావిడ 15కి ఇమ్మని పట్టుబట్టారు, జనం చూస్తున్నారు, మొహమాటపడి 20కి ఇచ్చేశా. ఇంటికొచ్చాక ఆ బొమ్మే గుర్తొచ్చి చాలా బాధేసింది.

ఇంకో విషయం, ఒక గిఫ్ట్ షాపు ఓనర్ నా బొమ్మలు చూసి బాగున్నాయి అంటూనే, వీటికి చుట్టూ నేటివ్ అమెరికన్ డిజైన్లు, ఆ వేణువు ఊదే కోకోపెల్లీ బొమ్మ పెట్టి తెస్తే ఎన్నైనా తీసుకుంటా అన్నాడు. నాకెందుకో మనసొప్పలేదు, కానీ వద్దనడానికి కారణం కూడా తెలీలేదు.

రేటు ఎలా పెట్టాలి, ఏవి వేస్తే పోతాయి, ఆ డిజైన్ల సంగతేంటి, ఇంకా ఇక్కడి గాలికి పేపర్ నిమిషాల్లో ఆరిపోయి ఆకాశం మరకలు మరకలుగా వస్తోంది, దానికేం చేయాలి. ఆయన హెచ్-1 మీద వచ్చే హెచ్-4 వీసాలో ఉన్నా, పని చేసుకోవడానికి ఇచ్చే పర్మిషన్ కార్డు, ఈఏడీ, ఈ ఏడాదే వచ్చింది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

---

టూసాన్_గుట్టలు:

చెల్లీ, ముందు నీ ఆకాశం సంగతి చెప్తా, అది సులువు. పేపర్‌ని ఒకవైపు తడిపితే ఇక్కడ చాలదు, రెండు వైపులా బాగా తడిపి ప్లెక్సీగ్లాస్, అంటే గాజులాంటి ప్లాస్టిక్, షీటు మీద పరుచు, అది కింద అతుక్కుని తడి పట్టుకునుంటుంది, పైన హాయిగా పదిహేను నిమిషాలు పని చేసుకోవచ్చు. పేపర్ 300 జీఎస్‌ఎమ్ మందం, నూరు శాతం కాటన్‌ది వాడు, చవక పేపర్ దగ్గర ఎంత కష్టపడ్డా అంతే. ఏసీ గాలి నేరుగా తగిలే చోట కూర్చోకు. నేనైతే మబ్బులన్నీ తెల్లారుజామునే వేస్తా. రంగుల్లో అలిజరిన్ క్రిమ్సన్, ఒపెరా పింక్ లాంటివి వెలుతురికి వెలిసిపోతాయి, సూర్యాస్తమయాలకి అవి ఎంత ముద్దొచ్చినా అమ్మే బొమ్మలో వాడొద్దు, ట్యూబ్ మీద పీవీ19 అని ఉండే క్వినాక్రిడోన్ రోజ్ తీసుకో. కొన్నావిడ గోడ మీద మూడేళ్లకి ఎరుపు పోయి బూడిద మిగిలితే ఆ మాట మన పేరు మీద నిలబడిపోద్ది.

ఇక రేటు. నేను ఇక్కడ పన్నెండేళ్లుగా అమ్ముతున్నా, మొదటి మూడేళ్లు నీలాగే చేశా. తర్వాత చదరపు అంగుళం లెక్కకి మారా. నీ 9 బై 12 అంటే 108 అంగుళాలు, అంగుళానికి రెండు డాలర్లు వేసుకున్నా 216. కొత్తదానివి కాబట్టి ఒకటిన్నరతో మొదలుపెట్టు, 160 అవుద్ది. ఈ లెక్కలో ఒక మేలుంది, ఒకే సైజు బొమ్మలు రెండుంటే ఇదెందుకు ఎక్కువ అదెందుకు తక్కువ అనే మాట రాదు, బేరానికి తావు తగ్గుద్ది. షాపుల్లో పెడితే వాళ్లు 40 నుంచి 50 శాతం దాకా ఉంచుకుంటారు, అది పోయాక కూడా నీ గంటలకి, పేపరుకి, బొమ్మ చుట్టూ పెట్టే అట్ట, అదే మ్యాట్‌కి సరిపోవాలి. 60కి అమ్మితే షాపు చేతిలోంచి నీకొచ్చేది 30, ఆరు గంటల పని. అది అమ్మకం కాదమ్మా.

160 అంటే ఎవరు కొంటారు అని భయపడతావు, తెలుసు. అందుకే పక్కనే అదే బొమ్మల ప్రింట్లు పెట్టాలి, గ్రీటింగ్ కార్డులు పెట్టాలి. నా టేబుల్ మీద 6 డాలర్ల కార్డు ఉంటుంది, 25 డాలర్ల ప్రింట్ ఉంటుంది, ఒరిజినల్ వెనక గోడకి ఉంటుంది. 15 డాలర్లే ఉన్నావిడకి కార్డులు ఇవ్వు, ప్రేమగా ఇవ్వు. ఒరిజినల్ రేటు మాత్రం దింపకు. నిన్న 20కి కొన్నావిడ, వచ్చే ఏడు 160కి కొన్నావిడ ఒకే ఊళ్లో ఉంటారు, ఒకే గుడికి వస్తారు, అది గుర్తుపెట్టుకో.

కొనేవాళ్లు ఎవరో కూడా తెలుసుకో. మనవాళ్ల మేళాలో చీరలు, నగలు, తినేవి కొనడానికి వస్తారు, తప్పు లేదు, వాళ్లొచ్చిన పని అది. ఎడారి బొమ్మ కొనేది ఎక్కువగా చలికాలం గడపడానికి మిన్నెసోటా, మిషిగన్, కెనడా నుంచి దిగే పెద్దవాళ్లు, ఇంకా ఇక్కడ చాలా ఏళ్లుండి వేరే ఊరికి మారిపోతున్నవాళ్లు. బయట జరిగే ఆర్ట్ ఫెయిర్లన్నీ దాదాపు అక్టోబర్ నుంచి ఏప్రిల్ లోపే, ఎండల్లో ఎవరూ రారు. వాళ్లకి సూట్‌కేసులో పట్టేది కావాలి. నీ 5 బై 7ని 8 బై 10 మ్యాట్‌లో, 9 బై 12ని 12 బై 16 మ్యాట్‌లో పెట్టి అమ్ము, ఏ షాపులోనైనా దొరికే రెడీమేడ్ ఫ్రేమ్‌లో కూర్చుంటుంది. ఈ ఒక్క మార్పుతో నాకు అమ్మకం ఎంత తేడా వచ్చిందో చెప్పలేను.

ఇంకా ప్రతి బొమ్మ వెనక చిన్న చీటీ అంటించు. ఎక్కడ, ఏ నెల, ఏ పూట చూసింది, ఆ చెట్టేంటి. రెండేళ్ల కిందట ఒక పెద్దాయన నా దగ్గర మొలకంత సవారో బొమ్మ, 5 బై 7, పట్టుకుని చీటీ చదువుతున్నాడు. మొదటి ఎనిమిదేళ్లలో అది ఒకటిన్నర అంగుళం పెరిగితే గొప్ప, చేతుల్లాంటి కొమ్మలు రావడానికి 50 నుంచి 70 ఏళ్లు పడుద్ది, ఇంకా ఎండు చోట్ల వందేళ్లు అని రాశా. ఆయన రెండుసార్లు చదివి, నాకు 74, నేను పుట్టినప్పుడు మొలిచినదానికి ఇప్పుడు మొదటి చెయ్యి వస్తుంటుందా అని అడిగాడు. అవునన్నా. ఆ బొమ్మా కొన్నాడు, పక్కన చెయ్యి మొలుస్తున్న పెద్దదీ కొన్నాడు. నువ్వు రాసిన కుచ్చిళ్ల మాట ఉంది చూడు, అది ఎవరికీ తట్టదు. అదే రాయి చీటీలో.

ఆ షాపు ఓనర్ మాటకి నీ మనసు ఒప్పుకోలేదంటే మంచిదే. 1990లో ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ యాక్ట్ అని చట్టం చేశారు, నేటివ్ అమెరికన్లు చేశారని అనిపించేలా వేరేవాళ్ల వస్తువు అమ్మితే నేరం, మొదటిసారికే రెండున్నర లక్షల డాలర్ల దాకా ఫైన్, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం అలా ఉంచు. ఈ టూసాన్ చుట్టూ నేల తొహోనో ఓధమ్ అనే నేటివ్ తెగ వాళ్లది. జూన్, జూలైల్లో పొడుగాటి కర్రలతో సవారో పళ్లు రాల్చి పాకం కాస్తారు, వాళ్లకి కొత్త సంవత్సరం ఆ పంటతోనే మొదలవుద్ది, వానలు కూడా దాని వెనకే వస్తాయి. చిక్కుదారి పైన మనిషి నిలబడ్డ డిజైన్ బుట్టల మీద అల్లుతారు, అది వాళ్ల ఇంటి గుర్తు. మన శ్రీకాళహస్తిలో కరక్కాయ, గేదెపాలలో నానేసిన గుడ్డ మీద కలంతో గీసేవాళ్లుండగా, ఎవరో స్క్రీన్ ప్రింట్ కొట్టి అది కలంకారీ అని అమ్మితే మనకి కడుపు మండదా? అలాంటిదే ఇది. సవారో చెట్టు ఎవరి సొత్తూ కాదు, దాన్ని నీ కంటితో చూసి వెయ్యి. వాళ్ల గుర్తులు వాళ్లకి వదిలెయ్యి.

---

ఈఏడీ_డైరీ:

పైన అక్క చెప్పినవి బొమ్మల వరకు, నేను కాగితాల సంగతి చెప్తానండి, ఎందుకంటే దీన్ని తేలిగ్గా తీసుకుని ఇబ్బంది పడ్డవాళ్లని చూశా. హెచ్-4 మీద ఉండి ఈఏడీ లేకుండా అమ్మకూడదు, హాబీ కదా, ఫ్రెండ్స్‌కే కదా, డబ్బు మా ఆయన అకౌంట్‌లోకే కదా అంటారు, అవేవీ నిలబడవు. హెచ్-4 వాళ్లకి పని చేసుకునే అవకాశం 2015 మే నుంచి వచ్చింది, అది కూడా అందరికీ కాదు, భర్తకి గానీ భార్యకి గానీ గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయ్యుంటే, లేదా హెచ్-1 ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉంటే. మీకు కార్డు వచ్చింది కాబట్టి సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. కానీ కార్డు మీదున్న ఎక్స్‌పైరీ తేదీ చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి. రెన్యువల్ ఆలస్యమై మధ్యలో గ్యాప్ వస్తే ఆ రోజుల్లో అమ్మకం, ఆర్డర్లు తీసుకోవడం అన్నీ ఆపాలి. చేతి పనులు ఆన్‌లైన్‌లో అమ్మే ఎట్సీలో షాపుని కొన్నాళ్లు ఆపి ఉంచే వెకేషన్ మోడ్ ఉంటుంది, అది పెట్టేయండి. మీ కేసుకి ఏది వర్తిస్తుందో అటార్నీని ఒక్కసారి అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ట్యాక్స్‌కి అరిజోనాలో టీపీటీ, అంటే ఇక్కడి అమ్మకం పన్ను, లైసెన్స్ కావాలి, రాష్ట్రం ఫీజు 12 డాలర్లే, కొన్ని సిటీలు విడిగా తీసుకుంటాయి. స్టాల్‌లో అమ్మినదానికి ట్యాక్స్ మీరే లెక్కగట్టి కట్టాలి, ఎట్సీ లాంటి చోట అమ్మినదానికి వాళ్లే వసూలు చేసి కట్టేస్తారు. ఎట్సీ ఖర్చులు కూడా రేటులో కలుపుకోండి, ఒక్కో లిస్టింగ్‌కి 20 సెంట్లు, అది నాలుగు నెలలుంటుంది, అమ్ముడుపోతే షిప్పింగ్ చార్జీతో కలిపి మొత్తం మీద 6.5 శాతం, ఇంకా పేమెంట్‌కి 3 శాతం, పైన 25 సెంట్లు. 6 డాలర్ల కార్డు ఒక్కటి అక్కడ పెడితే పెద్దగా ఏమీ మిగలదు, అందుకే ఆరేసి కార్డుల కట్టగా పెట్టండి.

---

జోధ్‌పూర్_క్వార్టర్స్:

నాది వేరే ఎడారి, అయినా రాస్తున్న, పనికొస్తదేమో. మాది కరీంనగర్, మా ఆయన డిఫెన్స్‌ల ఉంటడు, నాలుగేండ్ల సంది జోధ్‌పూర్‌ల ఉన్నం. నేను థార్ బొమ్మలు వేస్త, సంగనేర్ చేతితో చేసిన కాయితం మీద. ఆ కాయితం నీళ్లు మస్తు తాగుతది, అంచులు గరుకుగ ఉంటయి, ఇసుక రంగుకు మంచిగ సూటైతది.

మొదట్ల నేను కూడ గూగుల్‌ల చూసి ఒంటెలు, ఇసుక దిబ్బలు, సూర్యాస్తమయం, గవే వేసేదాన్ని. ఎవ్వరు కొనకపోయేది. ఎందుకు కొంటరు, గసోంటివి జైసల్మేర్ కోట కింద వంద దుకాణాలల్ల ఉంటయి. ఒకసారి జనవరిల ఊరి బయట కూసొని ఖేజ్రీ చెట్టు గీస్తున్న. మేకలు కాసే తాత వచ్చి సూసి, బిడ్డా, చలికాలంల ఈ చెట్టుకు ఇన్ని ఆకులు ఎక్కడియి అన్నడు. నేను ఎదురుంగ ఉన్న చెట్టు సూడక మనసుల ఉన్న చెట్టు గీస్తున్న. సూస్తే నిజమే, కొమ్మలన్ని నరికి మేకలకు, ఒంటెలకు మేత పెట్టిన్రు, మొండి పిడికిళ్ల లెక్క నిలబడి ఉన్నయి చెట్లు. ఆ ఎండు మేతను లూంగ్ అంటరట. ఆ కాయితం పక్కకు పెట్టి మొండి చెట్టు గీసిన. నాకు మంచి పేరు తెచ్చింది ఆ బొమ్మనే.

ఇంకోటి, ఆ ఖేజ్రీ అంటే ఏందనుకున్నరు, మన జమ్మి చెట్టు! రాజస్థాన్ రాష్ట్ర చెట్టు అదే, తెలంగాణ రాష్ట్ర చెట్టు అదే. ఇక్కడికి దగ్గర్నే ఖేజర్లీ ఊర్ల 1730 సంవత్సరంల రాజుగారి మనుషులు ఖేజ్రీలు నరకనీకి వస్తే బిష్ణోయిలు చెట్లను పట్టుకొని ప్రాణాలిచ్చిన్రు, 363 మంది. ఇదంత చీటీ మీద తెలుగుల రాసి, దసరాకు నెల ముందు చిన్న బొమ్మలు పెట్టిన, ఒక్కటి 600 రూపాయలు. మన దిక్కు దసరానాడు జమ్మి ఆకు బంగారమని చేతుల పెడ్తం గదా, హైదరాబాద్, కరీంనగర్ వాళ్లు 40 బొమ్మలు కొన్నరు. కొన్నోళ్లల్ల సగం మంది ఎడారి చూసినోళ్లు కాదు. వాళ్లు కొన్నది జమ్మిని.

ఒక్క నష్టం చెప్త. జైసల్మేర్ దగ్గరి సామ్ దిబ్బల ఇసుకే బొమ్మ మీద అంటిద్దామని తడి రంగు మీద చల్లిన, చూడనీకి మస్తుండె. పార్సిల్ల పోయేసరికి ఇసుకంత కవర్ అడుగుకు రాలింది, కొన్నామె ఫోటో పెడితే నాకు దుఃఖమొచ్చింది, పైసలు వాపస్ ఇచ్చిన. అటెన్క ఇసుకను అక్రిలిక్ మీడియంల కలిపి పూసి రెండు దినాలు ఆరబెట్టి, బట్టతోని గట్టిగ తుడిచి చూసి పంపుతున్న.

---

మెస్కీట్_చెక్క:

జోధ్‌పూర్ అక్క జమ్మి మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా, ధర్మవరం అక్కా, మీరు బొమ్మలేసే మెస్కీట్ కూడా మనకి బాగా తెలిసిన చెట్టే. మన ఊళ్లల్లో చెరువు గట్ల మీద, రోడ్ల వెంట పెరిగే సర్కారు తుమ్మ కూడా మెస్కీటే, ఈ ఖండం నుంచి తెచ్చి నాటినదే. అరిజోనాలో ఉండేది దానికి దగ్గరి చుట్టం. మా అమ్మ తుమ్మ కట్టెలతోనే పొయ్యి పెట్టేది, ఆ కర్రనే ఇక్కడ ఇంత ప్రేమగా నునుపు చేసి బల్లలు చేస్తారని నేను ఫీనిక్స్ వచ్చాకే చూశా. నేను శని, ఆదివారాలు చెక్క పని చేస్తా.

బెరడుతో ఉన్న ముక్కల మీద బొమ్మ వేయకండి. బెరడు కింద పురుగు ఉంటుంది, మూడు నెలల తర్వాత కొన్నవాళ్ల ఇంట్లో సన్నటి పొడి రాలుద్ది. బెరడు తీసేసి, ముక్కల్ని తక్కువ వేడి ఓవెన్‌లో కాసేపు పెట్టి తీస్తే పురుగులు పోతాయి. మెస్కీట్ పెద్దగా వంకర పోదు, కానీ పగుళ్లుంటాయి, ఆ పగుళ్లలో టర్కాయిస్ రాయి పొడి నింపి రెజిన్ పోసి సానపట్టడం ఇక్కడ చాలామంది చేస్తారు, బాగుంటుంది. ఇంకా రాలిపడ్డ సవారో లోపలి ఎముకల్లాంటి కర్రలు ఎడారిలో కనిపిస్తాయి, ఫ్రేములకి భలే ఉంటాయి అనిపిస్తుంది, అడక్కుండా తీసుకోవద్దు. సవారోకి రాష్ట్ర చట్టం రక్షణ ఉంది, నేషనల్ పార్కులో అయితే గులకరాయి కూడా తీయకూడదు. స్థలం సొంతదారు పర్మిషన్ ఇస్తేనే.

నా మాటగా ఫ్రిజ్ మాగ్నెట్లు కూడా చేయండి, ఎనిమిదేసి డాలర్లకి చకచకా పోతాయి.

---

టూసాన్_గుట్టలు:

తమ్ముడూ, మాగ్నెట్ల దగ్గర మాత్రం నీతో ఒప్పుకోను. నేను ఒక సీజన్ అంతా 300 మాగ్నెట్లు చేశా, రాత్రిళ్లు కూర్చుని అంటించడమే సరిపోయింది, ఆ ఏడాది ఒక్క కొత్త పెద్ద బొమ్మ వేయలేదు. చేతితో వేసేది ఏదైనా అంత చవకకి వేయకూడదు, చవకది కావాలంటే ప్రింటరు చేయాలి.

చెల్లీ, మర్చిపోయా, ప్యాకింగ్. 2023 ఎండాకాలం గుర్తుందిగా, ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గలేదు. ఆ జూలైలో నేను వార్నిష్ వేసిన అక్రిలిక్ ప్యానెళ్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి కారు డిక్కీలో రెండు గంటలు వదిలేశా. తీసేసరికి కవర్లు రంగుకి అతుక్కుపోయి, లాగితే పైపొర ఊడొచ్చింది, తొమ్మిది ప్యానెళ్లు. ఇప్పుడు గ్లాసైన్ అనే నున్నటి, అంటుకోని పేపర్ చుట్టి ఇంట్లోనే ఉంచుతా, పోస్టుకి పొద్దున్నే వెళ్తా. ఎండల్లో మైనం పనులు అసలు పెట్టుకోకు. చలికాలం స్టాల్‌కి టెంట్ నాలుగు కాళ్లకీ ఒక్కోదానికి 40 పౌండ్లకి తక్కువ కాకుండా బరువు కట్టు, ఇక్కడి గాలి చెప్పి రాదు.

 పెద్ద ఆర్ట్ ఫెయిర్లకి నెలల ముందే అప్లికేషన్, బొమ్మల ఫోటోలతో పాటు స్టాల్ ఫోటో కూడా అడుగుతారు. ముందు ఫీనిక్స్‌లో రూజ్‌వెల్ట్ రో దగ్గర నెలనెలా మొదటి శుక్రవారం రాత్రి జరిగే ఆర్ట్ వాక్‌కి వెళ్లి, జనం దేని దగ్గర ఆగుతున్నారో ఒక గంట నిలబడి చూడు.

---

ధర్మవరం_పిల్ల:

అందరూ ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు, రెండుసార్లు చదివా, ఆయనకి కూడా చదివి వినిపించా. కార్డు తేదీ ఫ్రిజ్ మీద అంటించా. టీపీటీకి ఈ రోజే అప్లై చేస్తున్నా. షాపు ఆయనకి ఆ డిజైన్లు వేయను, నా బొమ్మలు ఉన్నవి ఉన్నట్టు కావాలంటే ఇస్తా అని మెసేజ్ పెట్టా, ఇంకా జవాబు రాలేదు.

జోధ్‌పూర్ అక్కా, మీరు రాసిన మేకల తాత మాట చదివి నా బొమ్మలన్నీ బయటికి తీసి చూసుకున్నా. నేను కూడా ఎక్కువ రెండు చేతుల సవారోలే వేశా, రెండూ సమానంగా, అందరూ స్టిక్కర్ల మీద వేసేలా. మా ఇంటి వెనక వాకింగ్ దారిలో ఉన్నదానికి ఐదు చేతులు, ఒకటి కిందికి వంగి నేల చూస్తుంటుంది, నడుం దగ్గర పక్షి తొలిచిన రంధ్రం ఉంది, రోజూ చూస్తున్నా ఒక్కసారీ వేయలేదు. ఈ శనివారం పొద్దున దాని దగ్గరే కూర్చుంటా.

టూసాన్ అక్కా, ఒక్క డౌట్. రెండు వైపులా తడిపిన పేపర్ ప్లెక్సీగ్లాస్ మీద వేశాక అంచులు పైకి లేస్తున్నాయి, క్లిప్పులు పెట్టాలా, లేక ఇంకా నానబెట్టాలా?

---

టూసాన్_గుట్టలు:

ఇంకా నానాలి. బకెట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి తీసి, షీటు మీద వేశాక పాత టవల్‌తో మధ్య నుంచి అంచులకి నొక్కుతూ గాలి బుడగలు పోగొట్టు. అప్పుడు క్లిప్పులు అక్కర్లేదు. ఆ ఐదు చేతులదాన్ని వేశాక ఇక్కడ పెట్టు, చీటీ కూడా రాసి పెట్టు.